పులిసిన ఎండుద్రాక్ష

ఆదివారం పొద్దున ఆరింటికి భోజన్న బేకరీ వెనక తలుపు తీసి లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఓవెన్ వేడి, మొన్నటి వెన్న, ఏలకులు, ఈ వాసనలన్నీ రోజూ ఉండేవే. వాటి మధ్య ఇవాళ ఇంకొకటి ఉంది. పుల్లగా, తీయగా, ముక్కులో గుచ్చుకునేలా ఉంది. అదేమిటో అతనికి వెంటనే తెలిసింది. తెలిసినందుకే భయం వేసింది.

అది కల్లు వాసన. మద్యం నిషేధమైన ఈ సౌదీ దేశంలో, ఈ అభా ఊళ్ళో, అంగడి వంటగదిలోంచి అలాంటి వాసన రాకూడదు.

భోజన్నది మెట్‌పల్లి పక్కన ఒక చిన్న ఊరు. తండ్రి పసుపు పండించేవాడు. కళ్ళంలో పసుపు కొమ్ములు ఉడకబెడుతున్నప్పుడు నురుగు పొంగి వాసన మారగానే ఇక దించొచ్చని పెద్దవాళ్ళ కన్నా ముందు చెప్పేది అతనే. పొలం రెండేళ్ళు వరసగా ఎండాక సౌదీ వచ్చాడు. జిజాన్‌లో ఎనిమిదేళ్ళు కట్టడాల మీద కంకర మోశాడు. మోకాళ్ళు మొరాయించాక, తెలిసినవాళ్ళ ద్వారా కఫీల్‌ని, అంటే వీసాకి పూచీ ఉండే యజమానిని, మార్చుకుని, కొండమీది అభాకి వచ్చి ఈ బేకరీలో తుడిచే పనికి చేరాడు. ఇప్పుడతనికి నలభై ఏడేళ్ళు. ఇకామా అనే నివాస అనుమతి కార్డు మీద అతని ఉద్యోగం ఈనాటికీ క్లీనర్ అనే ఉంది.

చేసే పని మాత్రం అది కాదు. వంటగదికి పెద్ద, హబీబ్ అనే సిరియా మనిషి. జర్మనీలో తొమ్మిదేళ్ళు రొట్టెలు కాల్చి వచ్చినవాడు. ఒక చలికాలం పొద్దున భోజన్న నేల తుడుస్తూ, పిండి గంపల దగ్గర ఆగి, ఈ మూడో గంప ఎక్కువ పొంగింది, ఇంకాస్త ఆగితే పాడవుతుందని వచ్చీరాని అరబీలో అన్నాడు. హబీబ్ వేలితో పొడిచి చూశాడు. నిజమే. ఆ నెలలోనే తుడుపుకర్ర ఇంకొకరి చేతికి వెళ్ళింది.

హబీబ్ అతనికి నేర్పినవాటిలో కష్టమైనది స్టోలెన్. జర్మనీలో క్రిస్మస్‌కి చేసుకునే రొట్టె. మైదా, వెన్న, బాదం, నారింజ తొక్కల మురబ్బా, నానబెట్టిన ఎండుద్రాక్ష కలిపిన పిండిని పరిచి, మధ్యలో బాదం ముద్ద పెట్టి మీదికి మడవాలి. కాల్చి, వేడి మీదే వెన్న పూసి, పంచదార పొడి మందంగా కప్పాలి. పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిబిడ్డలా కనిపించాలని హబీబ్ అనేవాడు. ఆ తర్వాత మూడు వారాలు చుట్టి ఉంచితేగాని దానికి రుచి రాదు. జర్మనీలో ఎండుద్రాక్షని రమ్ములో నానబెడతారు. ఇక్కడ హబీబ్ ఆ మాట నోటితో కూడా అనేవాడు కాదు. నారింజ రసం, చిక్కటి నల్ల టీ, దాల్చినచెక్క. అంతే. అదైనా కోల్డ్ రూమ్‌లోనే నానాలి.

నాలుగేళ్ళుగా డిసెంబరులో ఆ రొట్టెలు అభాలో బాగా పోతున్నాయి. ఆసుపత్రుల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సులు, కేరళ డాక్టర్లు, పొగమంచు చూడటానికి కొండెక్కే సౌదీ కుటుంబాలు కూడా కొనుక్కునేవాళ్ళు. ఈసారి ఒక ప్రైవేటు ఆసుపత్రి తన సిబ్బంది కోసం నూటఇరవై అడిగింది. డిసెంబరు ఇరవైకి ఇవ్వాలి. హబీబ్ బుధవారం జిజాన్‌లో కొత్త శాఖ పని మీద వెళ్తూ, ఎండుద్రాక్ష నానబెట్టే బాధ్యత భోజన్నకి అప్పజెప్పాడు. గురువారం రాత్రి భోజన్న రెండు పెద్ద నీలం డబ్బాల్లో నానబోసి కోల్డ్ రూమ్‌లో పెట్టాడు. శనివారం వంటగదికి సెలవు, ఓవెన్ మాత్రం సన్నటి సెగ మీదే ఉంటుంది.

ఇప్పుడా రెండు డబ్బాలూ ఓవెన్ పక్కన బల్ల కింద ఉన్నాయి. మూతలు ఉబ్బి ఉన్నాయి. భోజన్న ఒక మూత అంచు ఎత్తాడు. బుస్సుమని గాలి వదిలింది. లోపల ద్రాక్షలు బొద్దుగా ఉబ్బి పైకి తేలాయి, వాటి చుట్టూ సన్నటి నురుగు కదులుతూ ఉంది. మూత మళ్ళీ నొక్కి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

అప్పుడే జనార్దన్ వచ్చాడు. బేకరీ వ్యాను నడిపేది అతనే. ముప్పై రెండేళ్ళు, ఊరు కోరుట్ల. ఇద్దరూ అంగడి పైగదిలో ఉంటారు. డబ్బాల్ని చూడగానే అతని మొహం మారిపోయింది. శుక్రవారం పెళ్ళి కేకులు ఆరు కోల్డ్ రూమ్‌లో పట్టకపోతే ఈ డబ్బాలు బయటికి జరిపాడట. కేకులు తీసుకెళ్ళాక లోపల పెడదామనుకున్నాడట. పెళ్ళివాళ్ళ ఫోన్ల మీద ఫోన్లు రావడంతో పరుగెత్తాడు. ఆ తర్వాత గుర్తే రాలేదు.

"నాలీల పోద్దామన్నా. మీదికెళ్ళి నీళ్ళు కొడదాం" అన్నాడు.

"నలభై కిలోలు. నాలీల పోస్తె బజారంత కొడ్తది."

"అయితే వ్యాన్ల ఎయ్యి. ఘాట్ దిగి యాడన్న లోయల పడేసొస్త."

"తొవ్వల చెక్‌పోస్టున్నది. తలుపు తియ్యమంటె ఏమని జెప్తవ్?"

భోజన్న హబీబ్‌కి ఫోన్ చేశాడు. అతను ఆ పొద్దున్నే జిజాన్ నుంచి బయలుదేరి ఉంటాడు. ఘాట్‌లోని సొరంగాల్లో ఫోన్లు అందవు. రెండోసారి చేశాడు. మూడోసారి మోగుతుండగానే, ముందు అంగడి తెరుస్తున్న ఆసిఫ్ లోపలికి తలపెట్టి, బలదియా వాళ్ళు వచ్చారని ఉర్దూలో చెప్పాడు. ఆసిఫ్ ముల్తాన్ మనిషి, ఓవెన్ పని చూసుకుంటాడు. మునిసిపాలిటీ తనిఖీ వాళ్ళు ఇద్దరట, కౌంటరు దగ్గర అద్దాల అలమారలు చూస్తున్నారట. చెప్పి మళ్ళీ ముందుకు వెళ్ళిపోయాడు.

జనార్దన్ వంగి ఒక డబ్బా ఎత్తి వెనక తలుపు వైపు అడుగేశాడు. భోజన్న దాని రెండో వైపు పిడి పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా డబ్బా ఊగింది. మూత కింది నుంచి రసం కారి భోజన్న చెప్పుల మీద పడింది.

"ఇడిసిపెట్టు."

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. పదకొండు దినాలైతె నేను ఇంటికి పోవాలె. తమ్ముని లగ్గం. మూడేండ్లాయె నేను పోక."

"దాస్తె ఇది సారా అయితది జనార్దన్. దాయకుంటె చెడిపోయిన ద్రాక్ష. ఇడిసిపెట్టు."

జనార్దన్ వదిలేశాడు. భోజన్న డబ్బాని గది మధ్యలో ఉక్కు బల్ల మీద పెట్టాడు. రెండోదీ తెచ్చి పక్కన పెట్టాడు. రెండింటి మూతలూ తీసేశాడు. గోడ మీది పెద్ద బల్బు వెలుగులో బుడగలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వచ్చినవాళ్ళలో ఒకాయన నెరిసిన గడ్డంతో, కళ్ళజోడుతో ఉన్నాడు. రెండోవాడు కుర్రవాడు, చేతిలో టాబ్ ఉంది. వాళ్ళు గడప దాటకముందే భోజన్న తనకొచ్చిన అరబీలో చెప్పేశాడు. ఇది ఖర్‌బాన్, చెడిపోయింది. బయట ఉండిపోయి పులిసింది. వాడటం లేదు, పారేస్తాం.

పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. వెంటనే తల వెనక్కి తీశాడు. కుర్రవాడు ఏదో అన్నాడు, అందులో మద్యమనే మాట భోజన్నకి అర్థమైంది. పెద్దాయన చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఇందులో ఏమేం వేశారని అడిగాడు. భోజన్న ఒక్కొక్కటే చెప్పాడు. ఇంకేం లేదా? లేదు. నువ్వు రుచి చూశావా? లేదు. మరి చెడిందని నీకెలా తెలుసు?

అబద్ధం వెతుక్కునేంత అరబీ భోజన్నకి రాదు. మా ఊళ్ళో చెట్టు నుంచి రసం తీస్తారు, అది పులిస్తే ఇలాగే వాసన వస్తుందని చెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చాలాసేపు అతన్నే చూశాడు.

తర్వాత, వీటిని బయట పెట్టింది ఎవరని అడిగాడు. జనార్దన్ వెనక తలుపు దగ్గర రొట్టెల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ట్రేలో రొట్టెలు లేవు. డబ్బాలు చూసుకోవాల్సింది నేను అన్నాడు భోజన్న. పెద్దాయన మళ్ళీ అడిగాడు. భోజన్న మళ్ళీ అదే అన్నాడు.

ఇకామా తీసుకుని చదివారు. క్లీనర్ పిండి కలుపుతాడా అని కుర్రవాడు అడిగాడు. కలుపుతానని ఒప్పుకున్నాడు భోజన్న. రెండు డబ్బాల్లోంచీ సీసాల్లోకి నమూనాలు తీశారు, డబ్బాలకు సీళ్ళు వేశారు, గోడలకీ ఓవెన్‌కీ ఫోటోలు తీశారు. కోల్డ్ రూమ్ తలుపుకి వేలాడే కాగితానికి కూడా ఫోటో తీశారు. రోజుకి రెండుసార్లు లోపల ఏముందో చూసి టిక్కు పెట్టే కాగితం అది. ఫలితం వచ్చేదాకా వంటగది తెరవకూడదని చెప్పి వెళ్ళిపోయారు.

హబీబ్ తొమ్మిదింటికి వచ్చాడు. తనిఖీ వాళ్ళు రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. ఎవరు బయట పెట్టారని అడిగాడు. చూసుకోవాల్సింది నేను అన్నాడు భోజన్న. నేనడిగింది అది కాదన్నాడు హబీబ్. గొంతు తగ్గించి, అందులో ఏమైనా కలిపావా, బెల్లం గాని ఈస్టు గాని, మీ ఊరి అలవాటేమైనా ఇక్కడ మొదలుపెట్టావా అని అడిగాడు. ఒక్కసారే అడిగాడు. ఏడేళ్ళుగా పక్కన నిలబడి పని నేర్పిన మనిషి అలా అడగడం, తనిఖీ వాళ్ళు అడిగినవన్నిటి కన్నా ఎక్కువ తగిలింది. భోజన్న తల అడ్డంగా ఊపాడు. హబీబ్ నమ్మాడో లేదో అతని మొహం చూస్తే తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే యజమాని వచ్చి, ఇందులో పోలీసు కేసైతే ఇద్దర్నీ ముగ్గుర్నీ కాదు, వంటగది మొత్తాన్ని ఎగ్జిట్ వేసి దేశం దాటించేస్తానని చెప్పి వెళ్ళాడు.

పనిలేని రోజులు మొదలయ్యాయి. పైగదిలో జనార్దన్ సూట్‌కేసు తెరిచి ఉంది. తమ్ముడికి కొన్న చేతిగడియారం, చెల్లెలి పిల్లలకి చాక్లెట్లు అందులో ఉన్నాయి. అతను దానివైపు చూడకుండా తిరిగేవాడు. ఇద్దరూ ఒకే కుక్కర్లో అన్నం వండుకుని వేరువేరుగా తిన్నారు. కిటికీ అవతల పొగమంచు దిగి, ఎదురు వీధి కూడా కనిపించేది కాదు. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా ఇద్దరూ తలుపు వైపు చూసేవాళ్ళు.

ముత్యవ్వ ఫోన్ చేసింది. భార్యకు ఏమీ చెప్పకూడదనుకున్నాడు భోజన్న. రెండు మాటలకే ఆమె పట్టేసింది.

"గొంతు గట్లెందుకున్నది? పానం బాగలేదా?"

పని బంద్ ఉందని, మరమ్మతులని చెప్పాడు. మరమ్మతులకి నీ గొంతెందుకు పోయిందని అడిగింది. అప్పుడు అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒక చోట ఆగాడు. అప్పటిదాకా తనకి తాను కూడా చెప్పుకోని సంగతి అది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి కోల్డ్ రూమ్ కాగితం మీద టిక్కు పెట్టింది అతనే. సెలవు తొందరలో, తలుపు తీయకుండానే పెట్టాడు. ఎండుద్రాక్ష డబ్బాలు రెండు, లోపల ఉన్నాయి అని. కింద తన సంతకం. అప్పటికి అవి నాలుగు గంటలుగా ఓవెన్ పక్కన ఉన్నాయి. తలుపు తీసి ఉంటే ఆ సాయంత్రమే దొరికేవి.

"గా ముచ్చట ఇంక జెప్పలేదా ఆళ్ళకు?" అంది ముత్యవ్వ.

"లేదు."

"ఎందుకు?"

జనార్దన్ పేరు చెప్పకపోవడం మంచితనమని భోజన్న అనుకుంటూ వచ్చాడు. అందులో సగం తన సంతకం బయటపడకుండా చూసుకోవడమే. పేరు చెబితే ఏ పూట, ఎన్నింటికి అని అడుగుతారు. అడిగితే కాగితం దాకా వస్తుంది.

గురువారం బలదియా నుంచి పిలుపొచ్చింది. హబీబ్, భోజన్న వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. జనార్దన్ వ్యాను నడిపాడు. దిగేముందు హబీబ్, చేసిందేమిటో ఇప్పుడైనా నాకు చెప్పు, లోపల వినడం నాకు బాగుండదని అన్నాడు. భోజన్న కాగితం సంగతి చెప్పాడు. హబీబ్ సీటు మీద అలాగే కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాడు. తలుపు తీయకుండా టిక్కు పెట్టావా అని మెల్లగా అన్నాడు. ఆ తర్వాత దిగాడు.

గదిలో ఆ కళ్ళజోడు ఆయనే ఉన్నాడు. బల్ల మీద కోల్డ్ రూమ్ కాగితం ఫోటో ఉంది. ఆయన అడిగింది సరిగ్గా దాని గురించే. శుక్రవారం సాయంత్రం డబ్బాలు చలిలో ఉన్నాయని ఇందులో ఉంది. ఆ చలిలో పళ్ళరసం ఇలా పులియదు. శనివారం ఒక్కరోజులో ఇంత పొంగాలంటే ఎవరో ఏదో కలిపి ఉండాలి. దీనికి మీరేమంటారు?

భోజన్న లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ టిక్కు అబద్ధమని, తలుపు తీయకుండా తానే పెట్టానని చెప్పాడు. ఆ సాయంత్రానికే డబ్బాలు బయట ఉన్నాయన్నాడు. పెద్దాయన కలం తీసుకున్నాడు. ఎప్పటి నుంచి బయట ఉన్నాయి? నువ్వు పెట్టావా? నువ్వు కాకపోతే ఎవరు? ఎన్నింటికి?

ఎవరు, ఎన్నింటికి అన్నది చెప్పకపోతే తను చెప్పిందంతా వట్టి మాటే అవుతుందని భోజన్నకి తెలుస్తోంది. ఆ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. సూట్‌కేసులోని గడియారం కళ్ళముందు కదిలింది. పెద్దాయన కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. హబీబ్ కూడా ఇటే చూస్తున్నాడు.

"శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి" అన్నారెవరో అరబీలో.

జనార్దన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వ్యాను దగ్గర ఉండమన్నవాడు ఎప్పుడు లోపలికి వచ్చాడో ఎవరికీ తెలియదు. చేతిలో తాళాలు గట్టిగా పట్టుకుని, పెళ్ళి కేకుల సంగతంతా చెప్పాడు. మర్చిపోయానన్నాడు. భయపడ్డానన్నాడు. కేకులు లోపల పెట్టాక పెళ్ళివాళ్ళకి పంపిన ఫోటో ఫోనులో ఉందని చూపించాడు. ఆ ఫోటోలో కేకుల వెనక కోల్డ్ రూమ్ అలమారలు కనిపిస్తున్నాయి. నీలం డబ్బాలు లేవు. ఫోటో తీసిన సమయం కింద ఉంది.

పెద్దాయన అది రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తర్వాత ముగ్గురి చేతా సంతకాలు చేయించుకున్నాడు. ల్యాబ్ ఫలితంతో కలిపి చూస్తామని, అప్పటిదాకా ఊరు దాటొద్దని అన్నాడు.

బయటికి వచ్చాక భోజన్న జనార్దన్‌తో, "నేను నీ పేరు చెప్తుంటి. ఇంకొక్క నిమిషమైతె చెప్తుంటి" అన్నాడు.

"ఎరికే" అన్నాడు జనార్దన్. "అందుకే వచ్చిన."

ఫలితం ఇంకో ఆరు రోజులకి వచ్చింది. బయటి మద్యం ఏదీ కలపలేదు, వేడికి రసం దానంతటదే పులిసిందని తేలింది. పోలీసు కేసు లేదు. సరుకు నిలవ సరిగా చూడనందుకు, క్లీనర్ చేత పిండి పని చేయించినందుకు అంగడికి జరిమానా పడింది. వంటగది తెరుచుకుంది. జనార్దన్ సెలవు మాత్రం యజమాని నెలరోజులు వెనక్కి జరిపాడు. తమ్ముడి పెళ్ళి అతను పైగదిలో కూర్చుని ఫోనులో చూశాడు. భోజన్న పక్కనే కూర్చున్నాడు. తలంబ్రాల దగ్గర సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి భోజనాలు నడుస్తున్నాయి. జనార్దన్ ఫోన్ బోర్లా పెట్టి, టీ పెట్టడానికి లేచాడు.

ఆసుపత్రి రొట్టెలకి ఎనిమిది రోజులే మిగిలాయి. ఇకామా మీద పని మారేదాకా భోజన్న పిండి ముట్టకూడదని యజమాని కచ్చితంగా చెప్పాడు. అందుకని నూటఇరవై స్టోలెన్‌లూ ఆసిఫ్ చేతులతో తయారయ్యాయి. భోజన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బల్ల పక్కన నిలబడి, ఇంకా పిసుకు, చాలు, అంచు అంత నొక్కకు అని ఉర్దూలో చెబుతూ పోయాడు. ఎండుద్రాక్షని ఈసారి మరిగే టీలో గంటసేపే ఉంచి, గుడ్డ మీద ఆరబెట్టి కలిపారు. ఆసిఫ్ మడతలు మందంగా పడ్డాయి. పదోదానికి అవి నయమయ్యాయి. ముప్పయ్యోదానికి ఆసిఫ్ అడగడం మానేశాడు. భోజన్న చేతులు మాత్రం వెనక ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

మూడు వారాలు ఊరాల్సిన రొట్టె వారం రోజులకే ఆసుపత్రికి వెళ్ళింది. పోయినేటివే బాగున్నాయని ఒక నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఆమె చెప్పింది నిజమేనని హబీబ్ అన్నాడు. ఇప్పుడతను కోల్డ్ రూమ్ తలుపు తానే తీసి చూస్తాడు, భోజన్న చూసొచ్చాక కూడా.

ఫిబ్రవరిలో ఇకామా మీద భోజన్న పని బేకర్‌గా మారింది. జనార్దన్ సెలవు నుంచి తిరిగొచ్చాక పక్క ఊరు ఖమీస్‌లో ఒక నీళ్ళ కంపెనీకి మారాడు. శుక్రవారాలు వచ్చి పోతుంటాడు.

ఈ చలికాలం హబీబ్ కొత్త రొట్టె మొదలుపెట్టాడు. ఇటలీ వాళ్ళు క్రిస్మస్‌కి చేసుకునే పానెత్తోనే. పొడుగ్గా గోపురంలా పొంగుతుంది. ఓవెన్ నుంచి తీయగానే అడుగున రెండు కడ్డీలు గుచ్చి తలకిందులుగా వేలాడదీయాలి, లేకపోతే తన బరువుకి తానే కుంగిపోతుంది. మొదటి రోజు పన్నెండింటిలో ఏడు కడ్డీల నుంచి జారి నేల మీద పడ్డాయి. రెండో రోజు నాలుగు పడ్డాయి. ఇవాళ పన్నెండూ వేలాడుతున్నాయి. కిటికీకి దగ్గరున్న ఒకటి మాత్రం కొంచెం ఒరిగింది. తలుపు వేస్తే గాలికి కదులుతుందని ఆసిఫ్ దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. హబీబ్ గడియారం చూశాడు. చల్లారడానికి ఇంకా చాలా సమయం ఉంది. భోజన్న ఆ ఒరిగినదాని కింద, తాకకుండా, రెండు అరచేతులూ పట్టి ఉంచాడు.